దక్షిణ తెలంగాణ మెట్టసీమలో కాస, శ్వాస, ప్రతిశ్యాయ చికిత్స: నామ రూప యోగ పరిశీలనము

ఉపోద్ఘాతము

ఓషధిని ఎరుగుట యన నేమి? ఈ ప్రశ్నకు చరకసంహిత సూత్రస్థానము మొదటి అధ్యాయమే సమాధానము చెప్పుచున్నది. అడవులలో సంచరించు గోపాలురు, మేకల కాపరులు, గొర్రెల కాపరులు, ఇతర వనచరులు ఓషధులను పేరుచేతను, రూపముచేతను ఎరుగుదురని ఆచార్యుడు అంగీకరించినాడు. అయితే పేరు తెలిసినంత మాత్రమున గాని, రూపము తెలిసినంత మాత్రమున గాని ఓషధి యొక్క పూర్ణప్రయోజనము తెలియదనియు, దేశకాలములను, వ్యక్తి వ్యక్తిని వేర్వేరుగా పరీక్షించి దాని యోగమును ఎరిగినవాడే ఉత్తమవైద్యుడనియు వెంటనే చెప్పినాడు. నామము, రూపము, యోగము అను మూడు మెట్లు ఇందు కనబడుచున్నవి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలో దగ్గు, పడిశము, ఆయాసములకు జనులు వాడు మందులను ఈ మూడు మెట్లపై నిలిపి చూచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఈ మందులు వంటింటిలో, చేనుగట్టున, అడవిలో అను మూడు తావుల దొరకును. ఇంటినుండి దూరము పోయినకొలది మందు యొక్క బలము పెరుగును. దానితోబాటే పొరపాటు యొక్క మూల్యమును పెరుగును. కావున ఏ తావున ఎంత జ్ఞానము అవసరమో గుర్తించుటయే ఇందలి ముఖ్యవిషయము.

దేశలక్షణము

పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు కృష్ణానదీ పరీవాహమునందలి మెట్టసీమలు. 2016లో జరిగిన పునర్వ్యవస్థీకరణముచే ఇవి నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలుగా విడిపోయినవి. కొన్ని మండలములు పొరుగు జిల్లాలలో చేరినవి. 2019లో నారాయణపేట జిల్లా ఏర్పడినది. ఎర్ర చెల్కలు, నల్లరాతి గుట్టలు, అల్పవర్షము ఈ సీమ లక్షణములు. దక్షిణమున అచ్చంపేట, అమ్రాబాదు, మన్ననూరు ప్రాంతములయందు నల్లమల అడవి వ్యాపించియున్నది.

చరకసంహిత కల్పస్థానము భూమిని జాంగలము, అనూపము, సాధారణము అని విభజించినది. జాంగల దేశమునకు గుర్తుగా ఖదిర, ధవ, శల్లకీ, బదరీ, తిందుక, ఆమలకీ వృక్షములను పేర్కొన్నది. ఇవి తెలుగున వరుసగా చండ్ర, చిరుమాను, అందుగు, రేగు, తునికి, ఉసిరి. నల్లమలలోను, దాని అంచులయందలి గుట్టలమీదను ఈ చెట్లన్నియు నేటికిని కనబడును. అనగా ఈ సీమ శాస్త్రోక్తమైన జాంగల దేశమునకు చక్కని ఉదాహరణము. ఓషధులను సేకరించుటకు జాంగల, సాధారణ దేశములు యోగ్యములని ఆ గ్రంథమే చెప్పినది.

జాంగల దేశమున వాతపిత్తములు అధికములు. పొడిగాలి, దుమ్ము, చలికాలపు రాత్రులు కలిసి ఇచ్చట పొడిదగ్గును పుట్టించును. రూక్షుడైన వానికి కలిగిన వాతకాసమును మొదట స్నేహద్రవ్యములతో చికిత్సింపవలెనని చరకుడు విధించినాడు. ఇచ్చటి ఇండ్లలో మిరియపు పొడిని వేడిపాలలోనో, నేతిలోనో కలిపి ఇచ్చుట వలన కటుద్రవ్యమునకు స్నేహము తోడగుచున్నది. శాస్త్రము పేరు తెలియకపోయినను ఆచారము శాస్త్రము వెంటనే నడచుచున్నదనుటకు ఇది నిదర్శనము.

రోగనామములు

రోగముల పేర్లను పరిశీలించినచో ఈ సీమ వైద్యచరిత్ర కొంత తెలియును. పడిశము ప్రతిశ్యాయ శబ్దభవము. దగ్గు, జలుబు, ఆయాసము, ఉబ్బసము సర్వాంధ్ర సాధారణములు. ఊపిరి పైకి పోవునే గాని దిగదని సూచించు ఎగఊపిరి అను మాట, శాస్త్రమునందలి ఊర్ధ్వశ్వాస శబ్దమునకు అచ్చతెలుగు తోబుట్టువు వంటిది. తెలంగాణమున జలుబును సర్ది యనియు, ఉబ్బసమును దమ్ము, దమ యనియు వ్యవహరింతురు. సర్ది యన పారసీకమున చల్లదనము. దమ్ యన ఊపిరి. ఆసఫ్‌జాహీల కాలమున హకీముల వైద్యము ఎంత లోతుగా గ్రామములలో ప్రవేశించినదో ఈ రెండు మాటలే చెప్పును.

చరకుడు చికిత్సాస్థానము పదునెనిమిదవ అధ్యాయమున కాసమును వాతజము, పిత్తజము, కఫజము, క్షతజము, క్షయజము అని ఐదువిధములుగా విభజించినాడు. పదునేడవ అధ్యాయమున శ్వాసమును మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస అని విభజించి, మొదటి మూడును ప్రాణాంతకములనియు, క్షుద్రము సాధ్యమనియు, తమకము యాప్యమనియు, క్రొత్తదైనపుడు మాత్రము సాధ్యమనియు నిర్ణయించినాడు. యాప్యమన పూర్తిగా పోక, పథ్యౌషధములచే అదుపులో నుండునది. మబ్బు, వాన, చలి, తూర్పుగాలులచే పెరుగుట, పరుండలేక కూర్చున్నచో సుఖము కలుగుట, వెచ్చదనమును కోరుట అని తమకశ్వాసకు చెప్పిన లక్షణములు నేటి ఉబ్బసమునకు సరిగా పొసగుచున్నవి. ఉబ్బసము ఒక్క మందుతో సమూలముగా పోవునను మాట శాస్త్రసమ్మతము కాదని దీనివలన స్పష్టము.

దశేమానులు, స్థానిక లభ్యత

సూత్రస్థానము నాల్గవ అధ్యాయమునందలి కాసహర గణమున ద్రాక్ష, అభయ, ఆమలకము, పిప్పలి, దురాలభ, శృంగి, కంటకారిక, వృశ్చీరము, పునర్నవ, తామలకి అను పది ద్రవ్యములు కలవు. వీనిలో అభయ అనగా కరక్కాయ, ఆమలకము అనగా ఉసిరి నల్లమలలో దొరకును. కంటకారిక అనగా నేలములక, దీనినే వాకుడు అనియు అందురు. ఇది బాటల ప్రక్కన పెరుగును. వృశ్చీర పునర్నవలు గలిజేరు జాతులు, తామలకి నేలఉసిరి. ఇవి వానకాలమున చేలలో మొలచును. ద్రాక్ష, పిప్పలి పచారీ దుకాణమున లభించును. కర్కాటకశృంగి హిమాలయ ప్రాంతమునుండి రావలసినది. అనగా పదింట ఆరు ద్రవ్యములు ఈ మెట్టనేలలోనే పుట్టుచున్నవి.

ఈ గణమున వాసా, అనగా అడ్డసరము, లేకపోవుట గమనింపదగినది. ఇక్కడి గ్రామములలో దగ్గు అనగానే తలచునది అడ్డసరమే. వాగ్భటుడు అష్టాంగహృదయము ఉత్తరస్థానము చివర ఒక్కొక్క రోగమునకు శ్రేష్ఠమైన ద్రవ్యమును చెప్పుచు, కాసమునకు కంటకారిని, రక్తపిత్తమునకు వాసను నిర్దేశించినాడు. పిమ్మటి నిఘంటువులు వాసకు కాసశ్వాసహరత్వమును గట్టిగా చెప్పినవి. నేలములకకు ముండ్లు దట్టము. దానిని త్రవ్వి కడిగి దంచుట శ్రమ. అడ్డసరము పెరటి కంచెగా పెరుగును. ఏ కాలమునందైనను ఆకు దొరకును. లోకాచారమున అడ్డసరము ముందునకు వచ్చుటకు ఈ సౌలభ్యమును ఒక కారణముగా భావింపవచ్చును.

మొదటి తావు: వంటిల్లు, ముంగిలి

శొంఠి, మిరియాలు, పసుపు, వాము, ముంగిటి తులసి, తేనె ఈ తావునకు చెందినవి. శొంఠి, పిప్పలి, మిరియములు కలిసినచో త్రికటుకము. తులసి సురసా నామముతో చరకుని శ్వాసహర గణమున చేరియున్నది. వామును పెనముపై వేడిచేసి గుడ్డలో మూటగట్టి వాసన చూపుట పిల్లల పడిశమునకు ఇంటింట తెలిసిన ఉపాయము. వామునందలి థైమాల్ అను సుగంధద్రవ్యము ముక్కునకు తేటదనమును కలిగించును. వేడినీటి ఆవిరియు ఇట్టిదే. అయితే మరుగునీటి పాత్రయొద్దకు పసిపిల్లలను చేర్చుట కాలిన గాయములకు దారితీయును.

పిప్పలిని గూర్చి ఆధునిక పరిశోధన ఒక విశేషమును వెల్లడించినది. అడ్డసరపు ఆకునకు పిప్పలి చేర్చినచో ఉబ్బసమునందు దాని గుణము హెచ్చునని 1929లో బోస్ అను పరిశోధకుడు గుర్తించెను. పిప్పలి, మిరియములయందలి పైపరిన్ అను ద్రవ్యము ఇతర ఔషధములు దేహమున శోషింపబడుటను పెంచుననియు, అవి త్వరగా క్షీణింపకుండ చేయుననియు అటు పిమ్మటి పరిశోధనలు చూపినవి. కంటకారి కషాయమున పిప్పలిచూర్ణమును ప్రక్షేపించు ప్రాచీనయోగమునకు దీనిచే ఒక ఉపపత్తి లభించినది. ఇదియే ఒక హెచ్చరికయు అగుచున్నది. ఉబ్బసమునకు థియోఫిలిన్ వంటి మాత్రలు వాడువారు పిప్పలి, మిరియములను ఔషధప్రమాణమున సేవించినచో రక్తమున ఆ మాత్ర యొక్క పరిమాణము హద్దు మీరవచ్చును. కూరలోని మిరియము వేరు, చూర్ణముగా పూటపూట మ్రింగు మిరియము వేరు.

తేనె ఈ మందులకన్నిటికిని అనుపానము. నల్లమల చెంచులు కొండచరియలకు వ్రేలాడు పెద్ద తేనెపట్టులను తాళ్ళ సాయమున దిగి తీయుదురు; పైన తాడు పట్టుకొనువాడు బావమరిది యగుట వారి ఆచారము. తేనెను వేడిచేయరాదని చరకుడు నిషేధించినాడు. కషాయము చల్లారిన పిదపనే కలుపవలెను. పిల్లల రాత్రిదగ్గును తేనె కొంత తగ్గించునని ఇటీవలి పరీక్షలును తెలిపినవి. కాని ఏడాది నిండని శిశువునకు తేనె నాకించరాదు. తేనెయందుండగల ఒకానొక సూక్ష్మజీవి బీజములు శిశువు ప్రేగులలో మొలకెత్తి, కండరములను చచ్చుపడజేయు బాట్యులిజమ్ అను వ్యాధిని కలిగింపవచ్చును. పసిబిడ్డ ముక్కునందు గాని, ముక్కు దగ్గర గాని కర్పూరము పూయుటయు ప్రమాదకరమే. వంటింటి మందులు సౌమ్యములు. ఐనను వయస్సును చూడక ఇచ్చినచో సౌమ్యములు కావు.

రెండవ తావు: చేనుగట్టు

అడ్డసరమునకు వాసా, వృషము, ఆటరూషకము, సింహాస్యము మొదలైనవి సంస్కృత పర్యాయములు. పువ్వు సింహము నోటివలె తెరచుకొనియుండుటచే సింహాస్యము. హకీములు వాడు అడూసా అను పేరు ఆటరూష శబ్దమునుండియే వచ్చినది. దీని ఆకు పచ్చిగా నూరినచో రసము మిక్కిలి తక్కువగా వచ్చును. అందుకే శార్ఙ్గధరుడు పుటపాకమును విధించినాడు: ఆకును ముద్దగా నూరి, వేరొక ఆకులో చుట్టి, మట్టి పూసి నిప్పులలో కాల్చి, తీసి పిండవలెను. గ్రామములలో ఆకును ఆవిరిపై ఉడికించి పిండుట ఈ విధికే సులభరూపము.

అడ్డసరమునందలి వాసిసిన్ అను క్షారద్రవ్యమును ఆధారముగా గొని 1960 దశకమున జర్మనీలో బ్రోమ్‌హెక్సిన్ అను మందు తయారైనది. దేహమున దానినుండి ఏర్పడు అంబ్రాక్సాల్ కూడ మందుగా వెలువడినది. నేడు పట్టణముల మందుల దుకాణములలో అమ్ముడగు అనేకములైన దగ్గు సిరపులయందు ఈ రెంటిలో ఒకటి యుండును. పెరటి ఆకును విడిచి సిరపును కొనువాడు తెలియకయే ఆ ఆకు సంతతిని కొనుచున్నాడు. అయితే వాసిసిన్ గర్భాశయమును సంకోచింపజేయును. గర్భిణులు అడ్డసరమును వాడరాదు. ఆకు పెరటిలోనే యున్నది గదా యని తానుగా కాచుకొని త్రాగు ఇల్లాలికి ఈ విషయము ముందుగా తెలియవలెను.

నేలములక పేర్లలో కంటకారి, నిదిగ్ధిక, వ్యాఘ్రి, దుఃస్పర్శ మొదలైనవి కలవు. దుఃస్పర్శ యన తాకరానిది. ఇదే పేరు నిఘంటువులలో దురాలభకును చెల్లుచున్నది. రెండును ముండ్ల మొక్కలే, రెండును కాసహరములే, కాని ఒకటి కావు. తామలకికి ఇట్టి చిక్కే కలదు. నేలఉసిరి యను పేరున పరస్పరము పోలిన రెండు మూడు మొక్కలు ఒకే చేనులో మొలచును. గలిజేరు విషయమున చిక్కు మరింత పెద్దది. అటికమామిడి యని పిలువబడు పునర్నవయు, వానలకు దట్టముగా మొలచు వేరొక గలిజేరును పేరుచే కలిసిపోయి, ఒకదానికి మారుగా మరియొకటి బజారులో అమ్ముడగుచుండును. నామము ఒకటి, రూపములు అనేకములు అగుచోట పేరు చెప్పి మందు తెప్పించుట చాలదు. ఆకు, పువ్వు, వేరు చూచి గుర్తింపవలెను.

కషాయమునకు శార్ఙ్గధరుడు చెప్పిన ప్రమాణము ఒక పలము ద్రవ్యమునకు పదునారురెట్లు నీరు, ఎనిమిదవ వంతు మిగులువరకు మట్టిపాత్రలో కాచుట. చరకుడు కల్పస్థానమున సేకరణకాలమును కూడ నిర్ణయించినాడు: లేత కొమ్మలు, ఆకులు వర్ష వసంతములయందు, వేళ్ళు గ్రీష్మమున గాని శిశిరమున గాని, పట్ట, దుంప, పాలు శరత్తునందు, చేవ హేమంతమున, పుష్పఫలములు ఆయా ఋతువులయందు. ఈ పట్టికకు నేడు ఒక నియమమును చేర్చవలసియున్నది. పత్తి, వరి చేలలో కలుపుమందులు, పురుగుమందులు చల్లినపిమ్మట ఆ గట్టున మొలచిన నేలఉసిరిని గాని, గలిజేరును గాని ఔషధముగా కోయరాదు. మొక్క నామరూపములు సరియైనవే యైనను దానిపై పడినది వేరు.

కుప్పింటాకు పిల్లల దగ్గునకు వాడుకలో నున్నది. రక్తకణములలో జి-6-పి-డి అను ఎంజైము కొరవడినవారు దీనిని తినినచో రక్తకణములు చిట్లిన ఉదంతములు వైద్యవాఙ్మయమున నమోదైనవి. పుట్టుకతో వచ్చు ఈ లోపము పైకి కనబడదు. పురుషుని పురుషుని వేర్వేరుగా పరీక్షింపవలెనను చరకవచనమునకు ఇంతకన్న స్పష్టమైన దృష్టాంతము అరుదు.

హకీముల కానుక

ఈ తావునందే యునానీ సంప్రదాయమును చెప్పుకొనవలెను. జోషాందా యను కషాయము పేరు పారసీకమున మరిగించుట అను అర్థముగల ధాతువునుండి వచ్చినది. ఉన్నాబ్, సపిస్తాన్, అతిమధురము మొదలైనవి అందు చేరును. ఉన్నాబ్ మన రేగునకు చుట్టము. సపిస్తాన్ మన బంకనక్కెర; సంస్కృతమున శ్లేష్మాతకము. పండులోని జిగురును బట్టి రెండు వైద్యములును దానిని శ్లేష్మముతో ముడిపెట్టినవి. భాషలు వేరైనను పరిశీలన ఒకటియే.

1920లో హైదరాబాదున హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ స్థాపించిన జిందా తిలిస్మాత్ తెలంగాణ పల్లెలలో సర్దికి ఇంటిమందుగా నిలిచినది. నీలగిరి తైలము, కర్పూరము, పుదీనా పువ్వు, వాము పువ్వు దానియందలి ముఖ్యద్రవ్యములు. ఇవన్నియు ఆవిరిగా పనిచేయు సుగంధద్రవ్యములే. పెనముపై వాముమూటను వేడిచేసిన అమ్మమ్మకును, సీసాలో తైలమును నింపిన హకీమునకును మూలభావము ఒక్కటే యని చెప్పవచ్చును.

మూడవ తావు: అడవి, బీడు

కరక్కాయ, తానికాయలు అడవి మందులలో సౌమ్యములు. కరక్కాయ ముక్కను బుగ్గన పెట్టుకొని రసము మ్రింగుట గొంతు గరగరకు వాడుక. తానికాయకు నేయి పూసి పుటపాకము చేసి నోట ధరించుట శాస్త్రోక్తము. హరీతకి ప్రధానముగాగల అగస్త్యహరీతకీ లేహ్యము చరకుని కాసచికిత్సాధ్యాయముననే కలదు. ఈ కాయలను, తేనెను, బంకను చెంచులు సేకరింపగా 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ కొనుచు వచ్చినది. చెంచుల జీవనమును వర్ణించుచు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ వ్రాసిన గ్రంథము 1943లో వెలువడినది. అడవియే వారికి ఆహారమును, ఔషధమును.

ఇక తీక్ష్ణద్రవ్యములు. ఉమ్మెత్త శబ్దము ఉన్మత్త శబ్దమునకు తద్భవము. తినినవానిని పిచ్చివానిని చేయునని పేరే హెచ్చరించుచున్నది. ఎండిన ఆకు పొగను పీల్చి ఉబ్బసమును శమింపజేసికొను పద్ధతి దక్షిణదేశమున చిరకాలముగా కలదు. మద్రాసులోని ఆంగ్లవైద్యులు దీనిని గమనింపగా 1802 ప్రాంతమున ఈ వాడుక బ్రిటనునకు చేరి, అచ్చట ఉబ్బసపు చుట్టలుగా ప్రచారము పొందినది. ఉమ్మెత్తయందలి అట్రోపిన్ శ్వాసనాళముల బిగువును సడలించును. దానిని మార్చి చేసిన ఇప్రట్రోపియమ్ నేడు పీల్చు మందుగా వైద్యశాలలలో నున్నది. కనకాసవమునందు ఉమ్మెత్త చేరుట ఈ గుణముచేతనే. కాని ఒక ఆకునకును మరియొక ఆకునకును, ఆకునకును గింజకును విషప్రమాణము మారుచుండును. నోరెండుట, కనుపాప విచ్చుకొనుట, మూత్రబంధము, సంధిప్రలాపము, మరణము దాని పర్యవసానములు. ఇంటివైద్యమున దీనికి తావు లేదు. జిల్లేడు పూవును మిరియములతో నూరి మాత్రచేయు వాడుకయు ఇట్టిదే. దాని పాలు కంటబడినచో చూపునకే ముప్పు.

మేకమేయని ఆకు విషయము నామవిచారమునకు మిక్కిలి ఉపకరించును. ఈ తీగ ఆకును మేక ముట్టదని పేరు వచ్చినది. అడ్డసరమునకు తమిళమున గల ఆడాతోడై అను పేరునకును మేక తాకనిది అనియే అర్థము. లిన్నేయస్ ఆ మొక్కకు పెట్టిన అధతోడ అను శాస్త్రీయనామము దానినుండియే పుట్టినది. ఒకే భావము గల పేర్లు రెండు భాషలలో రెండు వేర్వేరు మొక్కలకు చెందుట, రెండును ఉబ్బసమునకే వాడబడుట, పేరును నమ్మి మందు కోయువారికి గొప్ప చిక్కు. మేకమేయని ఆకును దినమునకొకటి వంతున ఆరు దినములు నమలించి ఢిల్లీలో శివపురి బృందము జరిపిన పరీక్ష 1969లో ప్రచురితమై ఉబ్బసమున మేలు కనబడినట్లు తెలిపినది. నోటిపూత, రుచి తెలియకపోవుట, వాంతి అను బాధలను కూడ ఆ పరిశోధకులే పేర్కొన్నారు. 1979లో ప్రచురితమైన మరియొక పరీక్షలో ప్రయోజనము కనబడలేదు. మేక విడిచిన ఆకును మనుజుడు తినవలెనన్నచో తగిన కారణము, తగిన వైద్యుడు ఉండవలెను.

మృగశిర కార్తె ప్రవేశమున హైదరాబాదులో బత్తిని కుటుంబమువారు కొర్రమీను పిల్ల నోట పెట్టి ఇచ్చు చేపమందు కొరకు ఈ జిల్లాలనుండియు జనులు తరలిపోవుదురు. 1845 నుండి ఇచ్చుచున్నామని ఆ కుటుంబమువారి కథనము. మహమ్మారి కారణముగా నిలిచిపోయి 2023లో తిరిగి మొదలైనది. అందలి మూలికలు గోప్యములు. చరకుని మూడు మెట్లలో మొదటి రెండైన నామరూపములే తెలియనపుడు మూడవదైన యోగమును పరీక్షించుట సాధ్యము కాదు. నమ్మకము వేరు, ఔషధపరీక్ష వేరు. అచటికి పోవువారును పీల్చుమందును మానకుండుట శ్రేయస్కరము. ఉబ్బసము యాప్యమని శాస్త్రమే చెప్పుచున్నది గదా.

మూలికకు లోబడని దగ్గు

సుశ్రుతుడు చికిత్స యంతటిని సంగ్రహముగా ఒక్కమాటలో చెప్పినాడు: నిదానపరివర్జనము, అనగా కారణమును విడుచుట. శ్వాసమునకు కారణములను చెప్పుచు చరకుడు ధూళిని, పొగను, గాలిని మొదటనే పేర్కొన్నాడు. సుశ్రుతుడును కాసకారణములలో పొగను, ధూళిని చేర్చినాడు. ఈ మాటలు దక్షిణ తెలంగాణమునకే వ్రాసినట్లున్నవి. వానలు తప్పిన ఏడులలో పాలమూరు కూలీలు ఆనకట్టలు, కాలువలు, భవనముల పనులకై దేశమంతట వలసపోయినారు. రాళ్ళు పగులగొట్టు యంత్రములయొద్ద, రాతిపొడి మిల్లులయందు పీల్చిన సన్నని రాతిధూళి ఊపిరితిత్తులలో గట్టిపడి సిలికోసిస్ అను వ్యాధిగా పరిణమించును. ఒకసారి గట్టిపడినదానిని ఏ కషాయమును కరిగింపదు. పత్తి మిల్లుల నూగు, గాలి ఆడని గుడిసెలో కట్టెల పొయ్యి పొగ కూడ ఇట్టి కారణములే. అడ్డసరము కఫమును పలుచన చేయును గాని దుమ్మును ఆపలేదు. ముక్కునకు తగిన రక్షణ, పనిచోట నీరు చల్లి దుమ్ము అణచుట, పొయ్యికి పొగగొట్టము అనునవే ఇచ్చట మొదటి మందులు.

క్షయజకాసము రెండవ హద్దు. రెండు వారములకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, కళ్ళెలో రక్తము కనబడినచో కళ్ళె పరీక్ష చేయించుట తప్పనిసరి. ప్రభుత్వవైద్యశాలలలో పరీక్షయు మందులును ఉచితములు. ఇట్టివానికి నెలల తరబడి కషాయములు పోయుటవలన రోగికేగాక ఇంటివారికిని హాని. ప్రాచీనులు క్షయజకాసమును తక్కిన కాసములనుండి వేరుచేసి, బలహీనులయందు అసాధ్యమని చెప్పుట ఊరక చెప్పినది కాదు. అట్లే పెదవులు నీలివన్నె తిరుగుట, మాట పూర్తిచేయలేనంత ఎగఊపిరి, పసిబిడ్డ ప్రక్కలు లోనికి పోవుట కనబడినచో క్షణమైనను ఆలస్యము చేయక వైద్యశాలకు చేర్పవలెను.

ఉపసంహారము

పై పరిశీలనవలన తేలిన విషయములు ఇవి. ఈ మెట్టసీమ గృహవైద్యము శాస్త్రమునకు దూరమైన మూఢాచారము కాదు. కాసహరగణమున ఆరు ద్రవ్యములు ఇచ్చటి నేలలోనే పుట్టుచున్నవి, వాని వాడుకయు పెక్కుచోట్ల శాస్త్రోక్తవిధినే అనుసరించుచున్నది. వంటింటి మందునకు వయోజ్ఞానము చాలును. చేనుగట్టు మందునకు రూపజ్ఞానము, సేకరణజ్ఞానము కావలెను. అడవి, బీడుల తీక్ష్ణద్రవ్యములకు యోగజ్ఞానము లేనిదే చేయి చాపరాదు.

చరకుడు పేర్కొన్న మేకల, గొర్రెల కాపరులు ఈ జిల్లాలలో గొల్ల కురుమలుగా నేటికిని మందలను తోలుచున్నారు. వనచరులైన చెంచులు నల్లమలలో నున్నారు. రూపజ్ఞానము వారియొద్ద నున్నది. నామజ్ఞానము నిఘంటువులలో, తాళపత్రములలో, ప్రాచ్యకళాశాలల పండితులయొద్ద నున్నది. యోగజ్ఞానమును ఆయుర్వేద కళాశాలలు, ఔషధపరిశోధనాలయములు పెంపొందించుచున్నవి. ఈ మువ్వురు ఒకచోట కూర్చుండి ఒక్కొక్క మొక్కను పట్టుకొని, దాని స్థానికనామమును, సంస్కృతపర్యాయములను, శాస్త్రీయనామమును, ప్రమాణమును, నిషేధమును ఒకే పుటలో వ్రాసినచో ఈ సీమకు ప్రామాణికమైన గృహౌషధకోశము సిద్ధించును. కంచెలు పోయి ఇనుపతీగలు వచ్చుచున్న ఈ కాలమున, చూపుటకు మొక్కయు, గుర్తించుటకు మనుష్యుడును మిగిలియుండగనే ఆ పని జరుగుట అవసరము.